రెండుసార్లు కలిపిన ఐదున్నర గంటలు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద బండలా కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను. జాలి పడకండి. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

రాజమండ్రి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో చివరి ఏడాది. ఆకాశంలో వెళ్లే ఒక చిన్న ఉపగ్రహం సిగ్నల్‌ని కాలేజీ మేడ మీంచి పట్టాలి. అది ఎప్పుడు, ఏ దిక్కున, ఎంత ఎత్తులో వస్తుందో కంప్యూటర్లో పైథాన్ ప్రోగ్రామ్ రాసి లెక్కగట్టే పని నాది. యాంటెన్నా కట్టి, కేబుల్‌కి టంకం వేసింది ప్రమీల. నరసాపురం అమ్మాయి. వాళ్లమ్మ లేసులు అల్లి చదివించింది. ఉపగ్రహ కేంద్రంలో శిక్షణకు మా జట్టు నుంచి ఒక్కరినే పంపుతారు, అది ప్రమీలే అని అందరికీ తెలుసు. నాకు కడుపు మంట.

ఉపగ్రహాల లెక్కలు ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తాయి. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. నేను వాడిన లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, ఆ తేడా కలిపే ఇస్తోంది. చూసుకోకుండా నేను మళ్లీ కలిపాను. ఉదయం మేం క్యాంటీన్‌లో పెసరట్లు తింటుండగానే ఉపగ్రహం మా నెత్తి మీంచి వెళ్లిపోయింది. మధ్యాహ్నం, మా ప్రదర్శన చూడ్డానికి పిలిచిన పెద్దలందరి ముందు, ప్రమీల మండుటెండలో ఖాళీ ఆకాశం వైపు యాంటెన్నా తిప్పుతూనే ఉంది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

"టైమ్ ఒకసారి చూడవా, రెండుసార్లు కలిపావేమో" అంది మెల్లగా.

చూశాను. నిజమే. అప్పుడే మా హెచ్‌ఓడీ గారు వచ్చారు.

"ఏంటయ్యా, ఎక్కడ తేడా కొట్టింది?"

"లెక్క కరెక్టేనండి. కేబుల్ దగ్గర టంకం ఊడినట్టుందండి."

"లేసులు అల్లుకునే చేతికి టంకం పని ఇస్తే ఇంతే మరి."

పెద్దలు నవ్వారు. నేనూ నవ్వాను! ఆ కేబుల్‌ని ఒక్కరైనా ముట్టుకుని చూశారా? మా నాన్నకి ఎంత పొలముందో ఆయనకు తెలుసు, ప్రమీల వాళ్లు ఏ పేటవాళ్లో కూడా తెలుసు, ఇక కేబుల్ చూడాల్సిన పనేముంది? ఆ సంగతి నాకు తెలియకనే అన్నానా? తెలిసే అన్నాను. ప్రమీల నా వైపు చూస్తుండగానే, ప్రోగ్రామ్‌లో రెండోసారి కలిపిన ఆ లైను చెరిపేశాను.

శిక్షణకు నేను వెళ్లాను. ఇప్పుడు నా ఉద్యోగమే అది. వ్యోమనౌక ఏ క్షణంలో ఎక్కడుందో, దాని మీద ఎండ ఏ కోణంలో పడుతుందో లెక్కగట్టడం. సమయం మార్చేటప్పుడు జాగ్రత్త అని కొత్తవాళ్లకి పాఠాలు చెబుతాను. ఏ ముఖం పెట్టుకుని? ప్రమీలని ఒకసారి నిడదవోలులో సెల్‌ఫోన్ల షాపు కౌంటర్ దగ్గర చూశాను. పలకరించకుండా వచ్చేశాను.

నిన్న మా పాత జట్టు వాట్సాప్ గ్రూపులో రాశాను. టంకం బాగానే ఉంది, తప్పు నా లెక్కది, ఆ రోజే నాకు తెలుసు అని. "పాత సంగతులు ఇప్పుడెందుకురా" అన్నాడొకడు. హెచ్‌ఓడీ గారు దణ్ణం బొమ్మ పెట్టారు. దణ్ణం! ప్రమీల చదివింది. గ్రూపులోంచి వెళ్లిపోయింది.

క్షమించమని అడగలేదు. ఏ హక్కుతో అడగను? రాత్రి మాత్రం హాయిగా నిద్రపట్టింది. దానికీ నా మీద నాకు కోపంగానే ఉంది.