నన్ను పక్క మార్చిన మా అత్త

మా అత్త పోయిందని మీలో కొందరికి ఈపాటికి తెలిసే ఉంటుంది. పోయిన శనివారం తెల్లవారుజామున, బేతంచెర్లలో మా ఇంట్లోనే, చాప మీద పోయింది. నేను నాలుగడుగుల దూరంలో మంచం మీద ఉన్నాను. నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రావడం లేదు.

తొమ్మిదేళ్ళ కిందట నేను చర్చి బడిలో పిల్లలకు చదువు చెప్పేదాన్ని. ఒకనాడు గనిలో పనిచేసే మా ఆయనకు సంగటి ఇచ్చి తిరిగి వస్తుంటే, పేర్చిన నాపరాళ్ళ దొంతి జారి నడుము మీద పడింది. నొప్పి కొంచెంసేపే ఉంది. ఆ తరువాత నడుము కిందికి ఏమీ తెలియలేదు.

తలుపు చెక్క మీద పడుకోబెట్టి, రైల్లో మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు దొరసాని నా అరికాళ్ళలో సూదితో గుచ్చి చూసి, వెన్నుపాము దెబ్బతిన్నదని, కాళ్ళు ఇక రావని చెప్పింది. ఇట్లాంటివాళ్ళు వీపున పుండ్లు పడో, మూత్రం నిలిచో పోతారని కూడా చెప్పింది. మా ఆయన తల వంచుకున్నాడు. మా అత్త మాత్రం, పుండ్లు పడకుండా ఏం చేయాలని అడిగింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలంది డాక్టరు. రబ్బరు గొట్టం నీళ్ళలో మరగబెట్టి మూత్రం ఎట్లా తీయాలో చూపించింది. అక్షరం రాని మా అత్త వారం రోజులు అక్కడే ఉండి నేర్చుకుంది.

ఆమెకు నా మీద ప్రేమ ఉండేదని చెప్పలేను. నేను వండిన పప్పు ఒక్కనాడూ బాగుందని అనలేదు. కానీ సంఘ పెద్ద వచ్చి, కోడలిని కమలాపురంలోని పుట్టింటికి పంపించమని, కొడుకు బతుకు చూసుకోమని చెప్పినప్పుడు, ఆమె చేట కింద పెట్టి అన్నది:

"దాన్ని ఈ ఇంటికి తెచ్చుకునింది నేనే. ఈడనే ఉంటాది. నువ్వు మజ్జిగ తాగి పో అప్పా."

మా ఇంట్లో గడియారం లేదు. పగలు రైళ్ళను బట్టి, గోడ నీడను బట్టి పక్క మార్చేది. రాత్రుళ్ళు ఎట్లా లెక్క పెట్టుకునేదో నేను అడగలేదు. మొదట దూది దిండ్లు పెట్టింది. అవి నా బరువుకు గట్టిపడ్డాయి. అప్పుడు కొర్ర పొట్టు సంచుల్లో నింపి, మడమల కింద, తుంట్ల కింద సర్దింది. దూలానికి తాడు కట్టి, పట్టుకుని లేవమంది. ఆరు నెలలకు కూర్చోగలిగాను. ఆ మరుసటి ఏడు పిల్లలు పలకలు పట్టుకుని మా వసారాలోకే వచ్చారు.

రోజూ నా వీపు చూసేది. సిగ్గేసి వద్దంటే, "నీకు తెలియని సోటే నేను చూడల్ల గదా" అనేది. ఆమె చేతులు ఎంత గరుకైనవో చూసి తెలుసుకున్నానే గానీ, నడుము కింద ఆ చేతుల్ని నేను ఎప్పుడూ ఎరగను.

మొన్న మూడు వారాలు ఆమెకు జ్వరం. మా ఆయన గని మాని నన్ను చూసుకున్నాడు. ఆమె చాప మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకునే, నన్ను పక్క మార్చావా అని కొడుకును అడిగేది. ఒకరోజు నేనే అన్నాను, "అత్తా, నువ్వు గూడా పక్కకు తిరుగు."

"నాకేమయిందే. నాకు తెలుస్తాది గదా" అన్నది.

నేను మళ్ళీ అడగలేదు.

పెట్టెలో పెట్టేముందు పక్కింటి అక్క ఆమెకు స్నానం చేయించింది. మగవాళ్ళను బయటికి పంపి, నన్ను అక్కడే ఉండనిచ్చారు. వీపు కడగడానికి ఆమెను నావైపు తిప్పారు. నడుము కింద అరచేతి వెడల్పున పుండు. అంచులు నల్లబడ్డాయి. పక్కింటి అక్క చెంబు పట్టుకుని ఆగిపోయి, నా వైపు చూసింది.

"మెల్లగా కడుగు అక్కా" అన్నాను.

అక్క కూర్చుని, గుడ్డ తడిపి, చుట్టూ అద్దుతూ చాలాసేపు కడిగింది.