రెండు చిన్న ట్యాబులు

నాకు వినపడదన్న సంగతి సిరిసిల్లలో మా వీధి మొత్తానికి తెలుసు. ఎవరికీ తెలియదనుకున్నది నేనొక్కణ్నే. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య నిలబడినవాడికి చెవులు మిగలవు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటాం. ఒక్క షెడ్డులో పదహారు సాంచాలు ఒకేసారి ఆడుతుంటే పక్కనున్నవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. గొంతు పెగలనివ్వకుండా, పెదవులు పెద్దగా కదిలించి, మాటను మూతితోనే చేసి చూపిస్తారు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు నెలా రెండు నెలల్లో అది పట్టుబడుతుంది. దానికి మేం పేరేమీ పెట్టుకోలేదు.

నా భార్యను నేను ఆ మాటలతోనే ఎరిగాను. ఆమెది ధర్మపురి దగ్గర పల్లె. మేనమామ ఇంటికి వచ్చి, మా షెడ్డులో ఓ మూల కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఆమె గొంతు ఎలా ఉంటుందో తెలియకముందే ఆమె పెదవులు ఏమంటాయో నాకు తెలుసు. పెళ్లయ్యాక ఇంట్లోనూ అదే అలవాటు మిగిలింది. మా పోట్లాటలు కూడా చప్పుడు లేకుండానే జరిగేవి. "మీ ఇంట్ల లొల్లే వినవడది, ఎంత మంచిగుంటరో" అని పక్కింటావిడ ఒకసారి మెచ్చుకుంది. అప్పటికి మేం నాలుగు రోజులుగా పోట్లాడుకుంటున్నాం.

పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే. చెవులు పూర్తిగా పోయాక నాతో తిన్నగా మాట్లాడగలిగిన మనిషి ఆమె ఒక్కతే అయింది. మిగతావాళ్లు గబగబా, పెదవులు సరిగ్గా కదపకుండా మాట్లాడతారు, మధ్యలో అటు తిరుగుతారు. వాళ్లను "ఏమన్నవు, మళ్ల చెప్పు" అని అడగడం నాకు చేతకాదు. నామోషీ. తల ఊపేస్తాను. ఆ ఊపుడు వల్ల ఒకసారి ఎవరిదో పెళ్లికి వంట సామాను మోయడానికి ఒప్పుకుని, రానందుకు మాటలు పడ్డాను. అయినా బుద్ధి రాలేదు.

రెండేళ్ల కిందట సాంచాలు వారంలో మూడు రోజులే ఆడసాగాయి. ఇంటి పైకప్పు రేకులు తుప్పు పట్టి ఆ వానాకాలం పొయ్యి మీదే నీళ్లు కారాయి. కువైట్‌లో పని చేస్తున్న ఆమె అక్క కబురు పంపింది. ఒక ఇంట్లో మంచాన పడిన పెద్దావిడను చూసుకునే పని, రెండేళ్ల ఒప్పందం. మా వైపు గల్ఫ్‌కు పోయేది మొగవాళ్లు. చెవిటివాణ్ని నన్నెవరు తీసుకుంటారు? ఆమే పోతానంది. నేను వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత పాస్‌పోర్టు ఫొటోకు నేనే వెంటబెట్టుకుని పోయాను.

ఆమెకు సంతకం తప్ప రాయడం రాదు. నాకు వినపడదు. ఆమె పంపే గొంతు నాకు పనికిరాదు, నేను పంపే రాత ఆమెకు పనికిరాదు. మాటను అక్షరాలుగా మార్చేది ఫోన్‌లోనే ఉందంటే అదీ చేసి చూశాం. ఆమె ఒకటంటే అది ఇంకొకటి రాసింది. ఇక మాకున్న దారి ఒక్కటే, ముఖాలు చూసుకోవడం. అందుకే ఆమె ప్రయాణానికి ఒక ట్యాబ్ కొందామని ఇద్దరం కరీంనగర్ బస్సెక్కాం.

టవర్ సర్కిల్ దగ్గర ఒక షాపులో దూరాం. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి ఏవేవో చూపించింది. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో, ఎన్ని సినిమాలు పడతాయో, వెనక కెమెరా ఎంత గొప్పదో చెప్పినట్టుంది. నా భార్య సగం సగం నాకు మూతితో అందించింది. "ఎనక కెమెరా మాకెందుకు చెల్లె, ముందు కెమెరా ఎట్లున్నదో చూపియ్యి" అన్నాను. ఆ పిల్ల వింతగా చూసింది. ప్రయాణానికి ట్యాబ్ కొనేవాళ్లు ఎవరూ అలా అడగరేమో.

మాకు కావలసింది నాలుక. పెదవులొక్కటే కనపడితే చాలదు. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి, కళ్లూ కనుబొమలూ చూసి తేల్చుకోవాలి. త అన్నదో ట అన్నదో నాలుక కొస చూసి తెలుసుకోవాలి. చవక ట్యాబుల్లో ముఖం తెల్లగా వెలిసిపోయి, నోరంతా ఒక నల్లటి మచ్చలా కనిపించింది. ఒకదాని తర్వాత ఒకటి పక్కన పెట్టాం. చివరికి ఒక పెద్దది బాగుంది. షాపులో చూడడానికి పెట్టినవి రెండున్నాయి. ఒకటి ఆమె తీసుకుని ఆ చివరన ఫ్రిజ్‌ల దగ్గర నిలబడింది. రెండోది పట్టుకుని నేను ఈ చివరన తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ అమ్మాయి రెంటినీ కలిపింది.

ఆమె తెర నిండా వచ్చింది. "అందరు మననే చూస్తున్నరు, మూతి మూస్కో" అంది. ప్రతి అక్షరం కనపడింది. ఇరవై రెండేళ్ల కిందట సాంచాల అవతలి నుంచి అన్న మొదటి మాటలా కనపడింది. షాపులో జనం నిజంగానే చూస్తున్నారు, ఇద్దరు మూగవాళ్లు వచ్చారనుకుని.

అదే కొందామన్నాను. ఆమె ధర అడిగింది. పక్కనే ఉన్న చిన్న రకం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బొమ్మ అంత బాగుండదు కానీ పర్వాలేదు.

"గీ పెద్దదాని పైసలకు రెండు చిన్నయొస్తయి. నీకొకటి, నాకొకటి" అంది.

"నాకెందుకు? నా ఫోన్ లేదా? పోయేది నువ్వు."

"నీ ఫోన్ల నేను కనవడుతనా?"

"ఎందుకు కనవడవు? జర నోరు మూస్కో."

నాకు కోపం వచ్చింది. పోయేది ఆమె. పరాయి దేశం, పరాయి ఇల్లు, అక్కడివాళ్ల ముందు చేతిలో మంచి వస్తువు ఉండాలని నా పట్టు. ఆమెను ఆపలేకపోయాను, కనీసం పెద్దది కొనిస్తేనన్నా నా మొగతనం నిలబడుతుందనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే. షాపులో ఇద్దరి చేతుల్లోనూ పెద్ద తెరలే ఉన్నాయన్నది నా బుర్రకెక్కలేదు. ఆమెకెక్కింది. చివరికి నా మాటే నెగ్గి పెద్దది ఒకటే తీసుకున్నాం.

బిల్లు రాసేటప్పుడు ఆ అమ్మాయి తల వంచుకుని ఏదో అడిగింది. నేను ఊపాను. ఇంకోటి అడిగింది. అదీ ఊపాను. చూస్తే బిల్లులో తోలు కవరు, తెరకు అతికించే అద్దం, ఇంకేదో గ్యారంటీ చేరాయి. నా భార్య వద్దంటే, "అన్ననే సరే అన్నడు గదక్కా" అందట. అవన్నీ కొట్టేయించి, బయటికొచ్చాక ఆమె నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. "నేను లేనప్పుడు ఊపకు. కనవడకపోతే కనవడలేదను" అంది. దానికీ తల ఊపాను.

ఎండాకాలంలో పోయింది. శంషాబాద్‌లో అద్దాల తలుపు అవతల లైన్లో నిలబడి, వెనక్కి తిరిగి, "తాళం రెండుసార్లు తిప్పు" అంది. అంత దూరం నుంచి కూడా కనపడింది.

మొదటి శుక్రవారం మధ్యాహ్నం కాల్ వచ్చింది. నా ఫోన్ అరచేతి కంటే చిన్నది, ఒక మూల పగిలింది. ఆమె ట్యాబ్‌ను వంటగది అరలో నిలబెట్టి, కూరగాయలు తరుగుతూ మాట్లాడేది. తెరలో ఆమె బొటనవేలంత ఉంది. నోరు కదులుతున్నదని తెలుస్తున్నది, అంతే. బొమ్మ ఆగి ఆగి వచ్చేది, రెండు మాటల్లో ఒకటి మధ్యలోనే మాయమయ్యేది. ఆమెకు మాత్రం నేను పెద్ద తెర నిండా కనపడుతున్నాను. నా మాట ఒక్కటి పోకుండా చేరుతున్నది.

కనపడలేదని ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే ఆమె ఏమంటుంది? షాపులోనే చెప్పిన గదా అంటుంది. పోనీ, ఆమె అనదు. అననందుకు ఇంకా బాధ. పైగా అక్కడ ఫికర్ పడుతుందని కూడా సాకు చెప్పుకున్నాను. ఇంకెవరినన్నా పిలిచి, ఆమె గొంతు విని నాకు చెప్పమనొచ్చు. పక్కింటివాళ్లు పిలిస్తే పలుకుతారు. కానీ నా భార్య నాతో చెప్పే మాట ఇంకొకరి చెవిలో పడి నాకు రావడమేమిటని మొండికేశాను. తల ఊపాను.

తిన్నవా అంటుంది, పని ఉందా అంటుంది, ఇల్లు ఊడ్చినవా అంటుంది, ఇంకేమంటుంది అనుకుని ఊపాను. ప్రతి శుక్రవారం ఊపాను. నా వైపు మాటలన్నీ చెప్పుకునేవాణ్ని. రేకులు తీయించి కప్పు వేయించానని చెప్పాను. ఆమె నవ్వినట్టుంది. ఆమె సంగతులు మాత్రం ఒక్కటీ నాకు తెలియలేదు. ఆ పెద్దావిడ మంచిదో కాదో, వాళ్లు వేళకు తిండి పెడతారో లేదో, ఆమె ఎక్కడ పడుకుంటుందో తెలియదు. ఏడాది దాటింది.

ఈ వానాకాలంలో ఒక శుక్రవారం ఆమె పని చేయడం ఆపి, తెర ముందు నిలబడి ఏదో అంది. నేను ఊపాను. ఆమె మళ్లీ అదే అన్నట్టుంది. మళ్లీ ఊపాను. అప్పుడు ఆమె చెయ్యి కళ్ల దగ్గరికి పోయింది. మాట కనపడకపోయినా చెయ్యి కనపడింది. వెంటనే కాల్ ఆగిపోయింది.

ఎందుకు ఏడ్చిందో నాకు తెలియదు. ఆ వారమంతా సాంచాల దగ్గర నిలబడితే పోగులు తెగుతున్నా చూసుకోలేదు. నేను దేనికి సరేనన్నాను? అడుగుదామంటే అడగడానికి కూడా ఆమె జవాబు నాకు కనపడాలి కదా.

దసరా ముందు చీరల ఆర్డరు వచ్చి షెడ్డు మళ్లీ వారమంతా ఆడింది. కూలి పైసలు చేతికి రాగానే కరీంనగర్ పోయాను. అదే షాపు, అదే అమ్మాయి.

"ఎంతదాక పోతున్నరన్నా? ప్రయాణానికేనా?" అంది. ఈసారి తిన్నగా నా ముఖం చూసి అడిగింది, కనపడింది.

"ఎటు పోను చెల్లె. ఇంట్ల ఉంటందుకే" అన్నాను. తర్వాత ఇంకేదో అంటూ అటు తిరిగింది. నేను గల్లా మీద వేలితో తట్టాను. "ఇటు తిరిగి చెప్పు. నాకు వినవడది" అన్నాను. యాభై రెండేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. ఇటు తిరిగి, నెమ్మదిగా చెప్పింది. అంత సులువైన పని అది.

ఆ రోజు ఆమె కొందామంటే నేను వద్దని పట్టుబట్టిన చిన్న రకంలాంటిదే కొన్నాను.

శుక్రవారం ట్యాబ్‌ను గోడకు ఆనించి, కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాను. ఆమె వచ్చింది. చిక్కిపోయింది. పాపిట దగ్గర జుట్టు తెల్లబడింది. పై పన్ను ఒకటి లేదు. అది ఎప్పుడు ఊడిందో కూడా చెప్పే ఉంటుంది, నేను ఊపే ఉంటాను.

"దసరాకు కొత్త బట్టలు కొన్నవా?" అంది. పన్ను లేకపోయినా ప్రతి మాటా చదవగలిగాను.

"ట్యాబ్ కొన్న" అన్నాను. "ఇంక ఆరు నెలలే గదా. దినాలు లెక్కవెడుతున్న."

ఆమె నన్నే చూసింది.

"ఆరు కాదు. పద్దెనిమిది. నిన్నడిగిన గదా? ఇంకో ఏడాది ఉండుమంటున్నరు, ఉండాల్నా అని. తలకాయ ఊపినవు. సమజ్ కాలేదేమోనని మళ్ల అడిగిన. మళ్ల ఊపినవు. సరేనని సంతకం పెట్టిన."

నేను ఏడ్చాను. దాచుకోలేదు, ఆమె దగ్గరున్న పెద్ద తెరలో దాచుకునే వీలు కూడా లేదు. కొంచెం తేరుకుని, పెదవులు విడివిడిగా కదిలిస్తూ, "ఇన్ని దినాలు నీ మాట ఒక్కటి గూడ కనవడలే" అన్నాను. "మొదటి దినం నుంచి కనవడలే. ఉత్తగనే ఊపిన."

ఆమె తల వంచుకుంది. వంచుకునే ఏదో అంది. పాపిట తప్ప ఏమీ కనపడలేదు. నా మెడ అలవాటు కొద్దీ కదలబోయింది. ఆపుకున్నాను.

"ఏమన్నవే? కనవడలే. తల ఎత్తి మళ్ల చెప్పు."

ఆమె తల ఎత్తింది. కళ్లు తుడుచుకుని, షెడ్డులో సాంచాల అవతలి నుంచి అన్నట్టు, ఒక్కో మాటా పెదవులతో పూర్తిగా చేసి చెప్పింది.

"వద్దు, వచ్చెయ్యి అంటవని అడిగిన."