పురిటి గదిలో పడ్డ దెబ్బ

మా పెద్ద తోడికోడలిని వీధంతా కత్తక్క అంటుంది. చికెన్ కొట్టు ఆవిడదే. మొద్దు మీద ఆవిడ కత్తి దిగిందంటే ఎముక రెండు ముక్కలు కావలసిందే. చెయ్యీ అంతే. కాటా దగ్గర తన చెయ్యి పట్టుకున్న ఒకణ్ణి చెంప మీద ఒక్కటి పీకితే, వాడు వెళ్లి గుడ్ల అట్టల మీద పడ్డాడు. పగిలిన గుడ్లన్నీ వాడి చేతే తుడిపించింది.

అలాంటి మనిషిని పురిటి నొప్పుల్లో ఎవరో కొట్టారంటే ఎవరు నమ్ముతారు?

నేను నమ్మాను, తలుపు బయట నిలబడి విన్నాను కాబట్టి. లోపల అక్క అరిచినప్పుడల్లా డాక్టరమ్మ గొంతు వినిపించేది. "నోరు ముయ్యి! చెయ్యి దించు!" ఆ వెంటనే ఫట్‌మని చప్పుడు. అక్క మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే దించమనడం, దించగానే కొట్టడం అని తర్వాత అక్కే చెప్పింది. తలుపు విరిగేలా బాదాను. ఎవరూ తియ్యలేదు. బిడ్డ బంగారంలా పుట్టింది గానీ, అక్క కుడి చెవిలోంచి రక్తం కారింది. ఆ చెవి ఇక పనిచెయ్యదు.

"పోనియ్యవే, నువ్వు మాత్రం ఎంతమందిని వాయించలేదు?" అన్నారు మా బావగారు.

అక్క కత్తిని మొద్దులోకి దిగ్గొట్టింది. "నేను కొట్టినవాళ్లకి కాళ్లున్నాయి, పారిపోయారు. అది నా కాళ్లు కట్టేసి కొట్టింది!"

ఆ కత్తితోనే ఆసుపత్రికి బయలుదేరింది కూడా. నేను పట్టుకుని, మిగిలిన మంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, మెడికల్ కౌన్సిల్‌లో ఫిర్యాదు పెట్టించాను. అక్కకి కావలసింది ఒక్కటే. కొట్టానని ఆవిడ నోటితో ఒప్పుకోవాలి, ఇంకొకర్ని కొట్టకూడదు.

విచారణ రోజు డాక్టరమ్మ ఎంత మెత్తగా మాట్లాడిందో! "స్పృహ తప్పుతోంటే చెంప మీద తట్టానండి, అంతే. ఈవిడ ఎలాంటి మనిషో వాళ్ల వీధిలో అడగండి."

సాక్ష్యానికి తన ఆయాను తెచ్చుకుంది. ఆ రోజు అక్క కాళ్లు కాన్పు బల్లకి కట్టేసింది ఆ మనిషే. "మేడమ్ కొట్టలేదండి," అంది నేల చూపులు చూస్తూ. ఒళ్లు మండిపోయింది నాకు. దాని జుట్టు పట్టుకుని ఈడ్చాలనిపించింది.

"బయట నిలబడి చుట్టాలు విన్నది లెక్కలోకి రాదమ్మా," అన్నాడు మధ్య కుర్చీలో పెద్దాయన, విసుగ్గా. "చెవి ఎలా పోయిందో ఎవరు చెప్పగలరు? ఆవిడ తట్టానంటోంది, మీరు కొట్టిందంటున్నారు. ఇక్కడితో ముగిద్దాం."

అక్క లేచింది. డాక్టరమ్మ గబుక్కున కుర్చీ వెనక్కి జరుపుకుంది. అక్క అటు వెళ్లనే లేదు. "ఈవిడ తట్టడం ఇలా ఉంటుంది సార్," అంటూ అరచేత్తో బల్ల మీద ఒక్కటిచ్చింది. కత్తి పట్టే చెయ్యి మరి! గ్లాసులు ఎగిరిపడి, నీళ్లన్నీ పెద్దాయన ఒళ్లోకి ఒలికాయి.

ఆ చప్పుడుకి గోడ పక్కనున్న ఆయా కెవ్వుమని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏయ్! చెయ్యి దించు!" అని కసిరింది డాక్టరమ్మ, అలవాటు చొప్పున.

ఆయా దించేసింది. కళ్లు గట్టిగా మూసుకుని, చెంప అప్పగించి, దెబ్బ కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడింది.

డాక్టరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. నా కోపమంతా ఏమైపోయిందో, ఏడుపు ముంచుకొచ్చింది. అక్క వెళ్లి వాళ్లిద్దరి మధ్యా అడ్డంగా నిలబడింది.

"కళ్లు తెరువమ్మా. ఇక్కడెవరూ కొట్టరు," అంది.

ఆయా కళ్లు తెరిచింది. తడిసిన కాగితాలు విదిలిస్తున్న పెద్దాయన వైపు చూసింది.

"ఈవిడ చెప్పింది నిజమేనండి," అంది అక్కని చూపిస్తూ. చెంప తడుముకుంటూ, "నాదీ రాసుకోండి," అంది.