తాళం ఇవ్వని ఆదివారం

లిఫ్టులు బాగుచేసేవాళ్ళలో ఆయనకు మంచి పేరుంది. ఆయన చెయ్యి పడ్డ లిఫ్టు మళ్ళీ మొరాయించిందన్న మాట ముప్ఫై ఏళ్ళలో ఎవరూ వినలేదు. చిన్నాపెద్దా అందరూ మేస్త్రిగారనే పిలిచేవారు. ఆదివారం వస్తే ఆ మనిషే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సంఘపెద్దగా ముందు వరుసలో కూర్చునేవాడు. చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన ఎప్పుడూ ఆయనదే. గొంతు విప్పాడంటే పీల్చే గాలికీ, తాగే నీళ్ళకీ, తెల్లారి తెరుచుకున్న కళ్ళకీ విడివిడిగా స్తోత్రం చెప్పేవాడు. వెనక వరుసల్లో ముక్కులు ఎగబీల్చడం వినిపించేది.

తప్పు చూపిస్తే మాత్రం ఒళ్ళు మండేది. "గుండీలు తప్పు పెట్టుకున్నారండీ" అని భార్య అంటే, గుండీలదే తప్పన్నట్టు వాటివంక గుర్రుగా చూసేవాడు.

పనిలో ఆయనకు జంట సొంత బావమరిది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి. పని నేర్చుకునే రోజుల్లో ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసేవాడని మేస్త్రి అతనికి 'ఎందుకయ్య' అని పేరు పెట్టాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

ఓ శనివారం ఇద్దరూ ఐదంతస్తుల భవనంలో పాత లిఫ్టుకు సర్వీసింగ్ చేశారు. చేత్తో లాగే ఇనుప గేటున్న లిఫ్టు అది. ఏ అంతస్తులోనైనా గేటు తెరిచి ఉంటే కదలకూడదు. పరీక్షించేటప్పుడు మాత్రం, గేటు తెరిచున్నా కదిలేలా, మేడపైన మోటారు గదిలోని కరెంటు పెట్టెలో మూరెడు ఎర్ర వైరు తగిలిస్తారు. పని అవగానే దాన్ని తీసెయ్యాలి. తియ్యకపోతే మనిషి గడప మీద ఉండగానే లిఫ్టు లేచిపోతుంది. ఆ రోజు మేస్త్రి పైన మోటారు గదిలోనూ, ఎందుకయ్య అడుగున గుంటలోనూ పనిచేశారు.

మర్నాడు ఆరాధనకు ముందు, చర్చి మెట్ల మీద ఎందుకయ్య ఆయన్ని ఆపాడు.

"బావా, ఒక్క నిమిషం. పనిముట్ల సంచీలో ఎర్ర వైర్లు మూడుండాలి. రెండే ఉన్నాయి."

"అయితే?"

"నిన్న పైన తగిలించింది తీశావా అని."

"తియ్యక? నువ్వే ఎక్కడో పారేసుంటావ్."

"సంచీ మొత్తం కుమ్మరించి చూశాను బావా. చివర్లో గేటు తెరిచి ఒకసారి సరిచూద్దామంటే అక్కర్లేదన్నావు కదా. మోటారు గది తాళం ఇవ్వు, నేనెళ్ళి చూసొస్తా. మూడో అంతస్తులో ఫిజియోథెరపీ వాళ్ళు ఆదివారం కూడా తెరుస్తారు. వచ్చేదంతా కాళ్ళు సరిగా లేనివాళ్ళే."

మెట్లెక్కుతున్న నలుగురూ ఆగి చూస్తున్నారు. మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవడు నేర్పాడ్రా నీకు పని? స్క్రూడ్రైవరు ఎటు తిప్పాలో తెలియనివాణ్ణి మనిషిని చేస్తే, నాకే పాఠాలు చెప్తావా? ఆరాధన అయ్యాక చూద్దాం."

"అయ్యాక అంటే రెండు గంటలు బావా!"

"తాళం ఇవ్వను. ఏం చేస్తావ్?"

ఎందుకయ్య ముఖం పాలిపోయింది. మెట్లు దిగి, బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఇస్తే ఏం పోయేదండీ?" అంది భార్య మెల్లగా. "మొన్న మనింట్లో ప్రార్థనలో మీరే చెప్పారు. గద్దించే మనిషి దొరకడం దేవుడి దయ అని."

"అది వేరు, ఇది వేరు."

ఆయన గబగబా లోపలికి నడిచాడు.

లోపల పాటలు మొదలయ్యాయి. మేస్త్రి పెదవులు పాడుతున్నాయి గానీ మనసు మోటారు గదిలో తిరుగుతోంది. కరెంటు పెట్టె తలుపు తీశాడు. వైరు తగిలించాడు. లిఫ్టును పైకీ కిందికీ నడిపించాడు. ఇంతలో ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మాట్లాడుతూనే పెట్టె తలుపు మూశాడు. మరి వైరు క్లిప్పు ఊడదీసింది ఎప్పుడు? వేళ్ళతో దాన్ని నొక్కిన గుర్తు కోసం ఎంత తడుముకున్నా దొరకలేదు.

"పెద్దగారు కృతజ్ఞతా ప్రార్థన చేస్తారు" అన్నారు పాస్టరుగారు.

మేస్త్రి లేచి కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ గడియ వరకూ మమ్మల్నందరినీ కాపాడిన..."

అక్కడ ఆగిపోయాడు. ఎవరో దగ్గారు. చంటిపిల్ల ఏడ్చి ఊరుకుంది. ఆయన కళ్ళు తెరిచి, "అయ్యగారూ, మన్నించండి. నేను వెళ్ళాలి" అని, అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుండగా వరుసల మధ్య నుంచి దాదాపు పరుగెత్తాడు.

దారిలో మూడు చోట్ల ఎర్ర దీపం పడింది. మూడో చోట ఆగలేదు.

భవనం కింద వాచ్‌మన్ లిఫ్టు గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని ఉన్నాడు. "మీ బావమరిది ఇప్పుడే వచ్చి ఇక్కడెవర్నీ ఎక్కనివ్వద్దన్నాడు సార్. ఆయన మూడో అంతస్తులో ఉన్నాడు. పైవాళ్ళకి చెప్పి రమ్మన్నాడు గానీ నేనింకా..."

మేస్త్రి వినలేదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు. రెండో అంతస్తు దాటుతుండగా పైనుంచి కేక. ఆ వెంటనే ఇనుము నలిగిన చప్పుడు.

మూడో అంతస్తులో ఒక ముసలావిడ నేల మీద కూలబడి ఉంది. ఆవిడ నడుం చుట్టూ చేతులు బిగించి, వెనక్కి పడిపోయి ఉన్నాడు ఎందుకయ్య. అతను క్లినిక్కులో నర్సుకు విషయం చెబుతున్న అర నిమిషంలో, ఆవిడ వాకర్ పట్టుకుని లిఫ్టు గడప మీదికి వెళ్ళింది. ఐదో అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు. గేటు బార్లా తెరిచి ఉండగానే లిఫ్టు లేచింది. ఎందుకయ్య ఆవిణ్ణి లాగగలిగాడు. వాకర్ మాత్రం పైన గోడకూ లిఫ్టు నేలకూ మధ్య చిక్కి, కాగితంలా నలిగి వేలాడుతోంది.

"దెబ్బ తగల్లేదు బావా" అన్నాడు ఎందుకయ్య రొప్పుతూ. "నువ్వు పైకి పో!"

మేస్త్రి పైకి పరుగెత్తాడు. తొందరలో తాళం రెండుసార్లు జారింది. మెయిన్ స్విచ్ దించి, కరెంటు పెట్టె తెరిచాడు. ఎర్ర వైరు తను తగిలించిన చోటే ఉంది.

దాన్ని పీకి పిడికిట్లో పట్టుకున్నాడు. ఇక్కడ ఎవరూ లేరు. వైరు జేబులో వేసుకుంటే, పాత లిఫ్టు కదా, ఏదో అరిగిపోయిందంటే అందరూ నమ్ముతారు. కింద నుంచి ముసలావిడ కూతురి గొంతు వినిపిస్తోంది: "మనుషుల్ని చంపడానికా మీరు రిపేర్లు చేసేది? మాట్లాడవేం?"

ఎందుకయ్య మాట్లాడటం లేదు. బావ పేరు చెప్పడం లేదు.

మేస్త్రి మెట్లు దిగి వచ్చి, పిడికిలి విప్పి చూపించాడు.

"అతన్నేమీ అనకండమ్మా. ఈ వైరు మరిచిపోయింది నేను. పొద్దున్నే ఇతను నాకు చెప్పాడు. తాళం అడిగాడు. నేనివ్వలేదు." వైరును ఆ కూతురి వైపు చాపాడు. "మరిచిపోవడం పొరపాటు అనుకోవచ్చు. ఇవ్వకపోవడం పొరపాటు కాదు, నా పొగరు."

ఆ కూతురు చెడామడా తిట్టింది. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. ఆఫీసుకు తనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్ళూ మొహమాటపడలేదు. ఆరు నెలలపాటు ఆయన ఒంటరిగా ఏ లిఫ్టూ ముట్టకూడదు, చేసిన ప్రతి పనీ బావమరిది సరిచూసి సంతకం పెట్టాలి.

సాయంత్రం ఇంట్లో మోకరించాడు. స్తోత్రం అన్న మాట అలవాటుగా పెదవి మీదికొచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా గాలికి చెప్పాడు, నీళ్ళకి చెప్పాడు. మనిషికి, ముఖం చూసి, ఒక్కసారైనా చెప్పాడా? లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఎందుకయ్య గుమ్మంలో కూర్చుని చెక్కుకుపోయిన మోచేతికి మందు రాసుకుంటున్నాడు. మేస్త్రి పక్కనే కూర్చున్నాడు.

"నలుగురిలో నిన్నట్లా అన్నాను."

"అన్నావు" అన్నాడు ఎందుకయ్య. కాదనలేదు. "బాధేసింది బావా. వెనక్కి తిరిగొచ్చేద్దామని దారిలో బండి ఆపి చాలాసేపు ఉండిపోయా."

"రాలేదుగా." మేస్త్రి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆవిణ్ణొక్కదాన్నే కాదురా, నన్ను కూడా లాగావు నువ్వు. నీకు... నీకు నా కృతజ్ఞతలు."

"ఇదేంటి బావా, ప్రార్థన చేస్తున్నట్టు!" అన్నాడు ఎందుకయ్య. ఇద్దరికీ నవ్వొచ్చింది. మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు.

ఒక్క రోజులో మనిషి మారిపోయాడనుకుంటే పొరపాటు. ఆ ఆరు నెలల్లో ఎందుకయ్య "ఇదెందుకిలా?" అన్న ప్రతిసారీ ఆయన చెవులు ఎర్రబడేవి. పళ్ళు కొరుక్కుని, పది లెక్కపెట్టి, "చూడు" అని పక్కకు జరిగేవాడు. తర్వాత "మంచిది" అనేవాడు. మొదట్లో ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకునేది. రానురాను నునుపు తేలింది.

ఐదో నెలలో ఒక రోజు ఎందుకయ్య బ్రేకు నట్టు వదులుగా ఉందన్నాడు. మేస్త్రి మళ్ళీ స్పానరు పెట్టి చూశాడు. బిగుతుగానే ఉంది. అతనే పొరబడ్డాడు.

"క్షమించు బావా. ఊరికే నీ టైము తిన్నాను."

"తింటే తిన్నావు. అడిగావు, అది మంచిది" అన్నాడు మేస్త్రి. "ఇంకోటి కూడా అడుగు. అన్నం వేళ దాటుతోంది, ఇంకా ఇక్కడెందుకున్నామని."