పెళ్లి జాకెట్టూ, ఎడమకి తిరిగిన నట్టూ

మా టైలరు లాజరు ఒకరోజు పొద్దున్న గోదావరిని వెనక్కి నడిపించాడు. అదీ ఒక పెళ్లికూతురి జాకెట్టు కోసం. చూసినవాళ్లు ముప్ఫై మంది ఉన్నారు, వాళ్లలో నేనొకణ్ణి.

సరే, గోదావరి అంతా కాదు, వశిష్ట పాయ ఒక్కటే. పోటు వేళకి సముద్రం ఎలాగూ నీళ్లని పైకి తోస్తుంది కాబట్టి సగం పని సముద్రానిదేనని ఒప్పుకుంటాను. మిగతా సగం మాత్రం లాజరుదే. ఆ సగంలో నేను కలిపింది చాలా తక్కువ.

నేనూ లాజరూ రాజమండ్రి కాన్వెంటులో ఒకే బెంచీ. అతనిది పుర్రచెయ్యి. ఎడమచేత్తో రాస్తున్నాడని సిస్టరు ఆ చేతిని రిబ్బనుతో బెంచీ కోడుకి కట్టేసేది. ఆవిడ బోర్డు వైపు తిరగ్గానే ముడి విప్పేసేవాడు. ఇటు తిరిగేసరికి అదే ముడి, ఆవిడ వేసినదానికన్నా అందంగా వేసి ఉండేది. కట్టేసిన చేత్తోనే ఆ ముడి ఎలా వేశాడో నాకిప్పటికీ అంతుబట్టలేదు. ఎనిమిదో క్లాసులో చదువు మానేసి వాళ్ల నాన్న కుట్టుమిషను మీద కూర్చున్నాడు. మామూలు కత్తెర అతని చేతికి పడలేదు. ధవళేశ్వరంలో ఒక కమ్మరి చేత, అద్దంలో చూసి చేసినట్టు, తిరగేసిన కత్తెర చేయించుకున్నాడు. రెండు జిల్లాల్లో అలాంటి కత్తెర అదొక్కటే.

కుట్టు అద్భుతం. వచ్చిన చిక్కల్లా గడువుతోనే. "రేపు తీసుకోండి" అని నవ్వుతూ చెప్పేవాడు. ఒకాయన కొడుకు పెళ్లికని కుట్టమన్న లాల్చీని మనవడి అన్నప్రాసనకి వేసుకున్నాడు. పదిలంగా ఉంది, ఒక్క గుండీ ఊడలేదు.

తొంభై ఆరులో, అంటే ఆ పెద్ద తుఫాను వచ్చిన ఏడాదే, మే నెలలో అవతలి ఒడ్డున పందిరిలంకలో సారిక అనే అమ్మాయికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు విజయ్ పాల్, బడిపంతులు. పెళ్లికూతురి తెల్ల పట్టు జాకెట్టు, పెళ్లికొడుకు కోటు, రెండూ లాజరుకే ఇచ్చారు. తెచ్చి ఇచ్చింది సారిక మేనత్త ఏసమ్మ. ఆవిడ నోటికి పందిరిలంకలో కుక్కలు కూడా దారిచ్చేవి.

"లాజరన్నా, ఈసారి గానీ రేపన్నావంటే చూడు."

"అననమ్మా. ఆలస్యమైతే ఈ కత్తెర మళ్లీ పట్టను. దేవుడి మీద ఒట్టు."

షాపులో పదిమంది విన్నారు. ఆ పదిమందీ ఊరంతా చెప్పారు. యాభై ఎనిమిదేళ్ల వయసులో లాజరు మొదటిసారి ఒక తారీకుకి కట్టుబడ్డాడు. చెప్పిన రోజుకి ఇవ్వడనిపించుకోవడం అతనికి కొత్తేమీ కాదు కానీ, ఒట్టు తప్పినవాడనిపించుకోవడం మాత్రం పడదు.

పెళ్లి పదకొండింటికి. మే నెల కదా, ఆ రోజే పాస్టరుగారికి ఇంకో ఊళ్లో ఇంకో పెళ్లి ఉంది. పన్నెండు దాటితే ఆయన ఆగరు, ఈ పెళ్లి ఇంకో రోజుకి పోతుంది.

పొద్దున్న ఏడింటికల్లా ఏసమ్మ వచ్చి షాపులో కూర్చుంది. కోటు అయింది. జాకెట్టుకి హుక్కులు మిగిలాయి. "లాంచీలో కుట్టేస్తాను పద" అని లాజరు సంచీ సర్దాడు. తొమ్మిదిన్నర లాంచీ ఎక్కాం. నాకూ పెళ్లి పిలుపుంది కాబట్టి నేనూ ఎక్కాను. ఏసమ్మ దారి పొడుగునా అతని చొక్కా అంచు పట్టుకునే ఉంది. పారిపోడానికి చుట్టూ నీళ్లే అన్నా వదల్లేదు.

లాంచీ సరంగు చిట్టియ్య. కాకినాడ హార్బర్లో విడగొట్టిన ఒక రెండింజన్ల పడవ నుంచి ఒక ఇంజను, నీళ్లలో తిరిగే దాని పంకాతో సహా తెచ్చి బిగించుకున్నాడు. మూడేళ్ల నుంచి దానికి ఒకటే రోగం. క్రాంకు షాఫ్టు ముందు కొసకి ఉండే పుల్లీ వదులైపోయేది. దాని మీద బెల్టే నీళ్ల పంపుని తిప్పాలి. పుల్లీ ఊగితే బెల్టు జారుతుంది, నీళ్లు అందవు, ఇంజను కాలిపోతుంది. అందుకని నడి గోదాట్లో ఆపి, నట్టు బిగించి, బెల్టు వేసి, మళ్లీ తోలేవాడు.

ఆ రోజు పావుగంటకే మొదలైంది. డబడబలాడే చప్పుడులో ఇంకో చప్పుడు, టక్కు టక్కుమని, ఎవరో ఇనప తలుపు కొడుతున్నట్టు. లాజరు సూది ఆగింది.

"ఏంటది చిట్టియ్యా?"

"ఏం లేదండి. పుల్లీ అండి. రోజూ ఉండేదే. మీరు కుట్టుకోండి."

ఆపాడు. పానా పెట్టి కుడివైపుకి ఊపిరి బిగబట్టి లాగాడు. బెల్టు వేశాడు. నాలుగు నిమిషాలు నడిచి మళ్లీ టక్కు టక్కు. మళ్లీ ఆపాడు. ఈసారి శివరామకృష్ణ మాస్టారు లేచారు. హైస్కూల్లో లెక్కలు చెప్తారు.

"బలం కాదోయ్, పద్ధతి కావాలి. గడియారం ముల్లు ఎటు తిరుగుతుందో అటు, పూర్తిగా. ఇటివ్వు."

మాస్టారు పద్ధతిగా కుడివైపుకి బిగించారు. మూడు నిమిషాలు నడిచింది. తర్వాత ఇంకెవరో బిగించారు, రెండు నిమిషాలు. పది దాటింది. అప్పుడు ఆటు, నీళ్లు సముద్రం వైపు లాగే వేళ. ఇంజను ఆగిన ప్రతిసారీ లాంచీ మెల్లిగా అంతర్వేది దారి పడుతోంది. పందిరిలంక చర్చి శిలువ ఎదురుగా ఉండాల్సింది, ఎడమవైపుకి జరిగిపోయింది.

లాజరు కూర్చోలేడు, నించోలేడు. హుక్కు కుడతాడు, విప్పుతాడు, శిలువ వైపు చూస్తాడు, కోటు దులుపుతాడు. ఏసమ్మ కూడా అతని వెంట లేస్తూ కూర్చుంటూ ఉంది, చొక్కా అంచు చేతిలోనే ఉంది మరి.

"గంట ముందు బయల్దేరదామన్నానా లేదా? నీ హుక్కులు నాశనం కానూ!"

"అమ్మా, ఇంజను కుట్టింది నేను కాదు కదా."

"నువ్వు కుడితే ఇంకా రేవులోనే ఉండేవాళ్లం."

జనం నవ్వారు. లాజరు నవ్వలేదు. చొక్కా విడిపించుకుని ఇంజను గుంట దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు బాగా తెలిసిన చూపు అది. పాత లాగు తెచ్చి వదులు చెయ్యమంటే, ముందు మడత తిరగేసి లోపలి రంగు చూస్తాడే, ఆ చూపు.

"చిట్టియ్యా, ఈ పుల్లీ వెనకాల షాఫ్టు మెరుస్తోంది చూశావా?"

"ఇనుమండి. మెరవదేటండి మరి."

"మిగతాది నల్లగా ఉంది. పుల్లీ వెనక ఒక్క అంగుళం మేర కొత్తదానిలా ఉంది. లాగు అంచు విప్పి వదిలితే ఆ మేర గుడ్డ రంగు వెలవకుండా ఉంటుందే, అలాగ. అంటే ఈ పుల్లీ ఒకప్పుడు లోపలికంటా కూర్చునేది. మూడేళ్ల నుంచి మీరు దీన్ని బిగించట్లేదు, వదులుతున్నారు."

"ఏంటండీ మీరనేది? ఇందాకే కదండి మాస్టారు బిగించారు?"

"నట్టు ముందుకొస్తుంటే పుల్లీ కూడా దాని వెంటే ముందుకొస్తోంది. సందు వెనకాల పడుతోంది. ముందు నుంచి చూసేవాడికి బిగిసినట్టే ఉంటుంది. ఇలాగియ్యి."

పానా ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఎడమవైపుకి లాగబోయాడు. లాంచీ అంతా ఒక్కసారి అరిచింది.

"ఇప్పేస్తున్నాడ్రోయ్!"

"లాజరూ, అది ఎడమ వైపయ్యా!" అన్నారు మాస్టారు.

"నా జన్మంతా ఆ మాటే వింటున్నానండి."

చిట్టియ్య పానాని పట్టుకున్నాడు. "టైలరుగారండీ, మీకు దండం పెడతాను. నట్టు ఊడి గోదాట్లో పడిందంటే సాయంత్రానికి సముద్రంలో ఉంటామండి. నా లాంచీ అండి ఇది."

అందరూ ఏసమ్మ వైపు చూశారు, ఎందుకో తెలియదు. బహుశా ఆవిడ ఇంకా అరవలేదు కాబట్టి కావచ్చు. ఆవిడ ఒడిలో ఉన్న తెల్ల జాకెట్టు చూసుకుంది, శిలువ వైపు చూసింది.

"ఇంతమంది కుడివైపు తిప్పారు కదా, ఎక్కడికి చేరాం? తిప్పనియ్యి చిట్టియ్యా. ఏదన్నా అయితే నీకంటే ముందు నేనే వీణ్ణి గోదాట్లోకి తోస్తాను."

లాజరు తిప్పాడు. ముందు కిర్రుమంది. తర్వాత నట్టు పుల్లీని తోసుకుంటూ లోపలికి వెళ్లడం అందరికీ కనపడింది. మెరుస్తున్న ఆ అంగుళం మేర మెల్లిగా పుల్లీ కింద దాక్కుంది. రెండింజన్ల పడవల్లో ఒక ఇంజను ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుందట, ఎదురు తిరిగే దానికి నట్టు మర కూడా ఎదురేనట. ఆ సంగతి చిట్టియ్యకి అమ్మినవాడు చెప్పలేదు, చిట్టియ్య అడగలేదు.

అయినా పుల్లీ కొంచెం ఊగుతూనే ఉంది. షాఫ్టునీ పుల్లీనీ కలిపి పట్టే చిన్న ఇనప కీ అరిగిపోయి, దాని గాడిలో సందు పడింది. ఏదన్నా రేకు ముక్క దూర్చాలి. లాంచీ అంతా వెతికారు, సరైంది దొరకలేదు. లాజరు తన వేలికున్న ఇత్తడి టోపీ తీశాడు, సూది గుచ్చుకోకుండా టైలర్లు తొడుక్కునేది. దాన్ని కత్తిరించడానికి ఆ తిరగేసిన కత్తెరే దిక్కు. ఒక్క క్షణం ఆగాడు. ఇత్తడి కోస్తే ఆ అంచు మళ్లీ పట్టుగుడ్డ మీద పనికిరాదని అతనికి తెలుసు. ఆ కత్తెర చేసిన కమ్మరి పోయి పదేళ్లయింది.

కోశాడు. కత్తెర అంచు మీద మినపగింజంత గాటు పడింది. నట్టు మళ్లీ వదులు చేసి, రేకు దూర్చి, ఎడమవైపుకి గట్టిగా బిగించాడు. చిట్టియ్య బెల్టు వేసి ఇంజను తిప్పాడు. టక్కు టక్కు లేదు. డబడబ ఒక్కటే, బుద్ధిగా. ఆ వేళకే ఆటు తిరిగి పోటు మొదలైంది. లాంచీ ముక్కు చర్చి వైపుకి తిరగ్గానే చుట్టూ నీళ్లు కూడా పైకి నడిచాయి. నేను మొదట చెప్పింది అదే.

రేవులో దిగేసరికి పదకొండు ముప్పావు. చర్చిలో జనం పాటల పుస్తకం దాదాపు పూర్తి చేసేశారు. పాస్టరుగారు వాచీ విప్పి బల్ల మీద పెట్టుకున్నారు. ఏసమ్మ సంచీతో పరుగెత్తింది. ఆఖరి హుక్కు కుట్టడానికి లాజరు పెళ్లికూతురు తయారయ్యే గది గుమ్మం బయట నిలబడి, తలుపు సందులోంచి ఇచ్చిన జాకెట్టు అందుకున్నాడు. కుట్టి తిరిగిచ్చాకే చూసుకున్నాడు, ఎడమ బొటనవేలు ఇంజనాయిలుతో నల్లగా ఉంది. జాకెట్టు భుజం మీద అదే వేలి ముద్ర పడింది.

"ఓరి దేవుడో!" అని లోపల ఏసమ్మ అరిచింది.

"అరవకమ్మా. కోటు జేబులో గుచ్చే శాటిన్ పువ్వుంది కదా, అదిలాగియ్యి."

ఆ పువ్వుని ముద్ర మీద నాలుగు కుట్లేసి కుట్టాడు. సారిక చర్చిలో అడుగు పెట్టేసరికి పన్నెండుకి మూడు నిమిషాలుంది. పాస్టరుగారు ప్రసంగం మానేసి ప్రమాణాలు చేయించారు. ఆ చర్చిలో ఇంత తొందరగా అయిన పెళ్లి ఇంకోటి లేదు. ఆ తర్వాత రెండేళ్లపాటు పందిరిలంక పెళ్లికూతుళ్లందరూ ఎడమ భుజం మీద శాటిన్ పువ్వు కుట్టించుకున్నారు. అదేదో కొత్త ఫ్యాషనట.

ఇదంతా రాసి మొన్న లాజరు షాపుకి తీసుకెళ్లి చదివి వినిపించాను. అతను మిషను తొక్కడం ఆపలేదు. చివరిదాకా విన్నాడు.

"అబద్ధం. ఆ పెళ్లి బట్టలు నాలుగు రోజుల ముందే ఇచ్చేశాను. ఏసమ్మ వచ్చి పట్టుకెళ్లింది. నేనా లాంచీ ఎక్కలేదు. పానా ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. నువ్వయితే అసలా పెళ్లికే రాలేదు."