ఎవరూ లేని స్లాబు మీద నీళ్లు

2020 మార్చి. పెదపాడు వైపు, చేపల చెరువుల మధ్య కడుతున్న ఒక స్కూలు భవనానికి నేను సైట్ ఇంజనీరుని. స్లాబు వేసిన మూడో రోజునే లాక్‌డౌన్ పెట్టారు. కూలీలందరినీ లారీ ఎక్కించి పంపేశానని కాంట్రాక్టర్ ఫోన్‌లో చెప్పాడు. ఏలూరులో ఇంట్లో కూర్చునే మస్టర్ రోల్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, ‘నిల్’ అని వేశాను. డైరీలోనూ రోజూ ఒకటే వాక్యం: సైట్‌లో ఎవరూ లేరు.

నా దిగులంతా స్లాబు గురించే. కొత్త కాంక్రీటు మీద మట్టితో మడులు కట్టి, కనీసం పద్నాలుగు రోజులు నీళ్లు నిలపాలి. దాన్నే క్యూరింగ్ అంటాం. అది లేకపోతే ఆ ఎండలకు స్లాబు నెర్రెలిచ్చేస్తుంది.

నాలుగు వారాలకు పాస్ దొరికింది. చెరువు కాపలా మనిషి గట్టు మీద నుంచే నన్ను ఆపాడు.

“ఏవండీ, ఆ బిల్డింగులోకి ఒక్కరే వెళ్తారా?”

“ఏం?”

“తెల్లారేసరికి పైనుంచి నీళ్లు కారతన్నాయండి. మనిషి మాత్రం కనపడడు. మావాళ్లెవరూ అటు పోవట్లేదు.”

“కరెంటు తీసేశారు, మోటారు లేదు. నీళ్లెలా వస్తాయయ్యా?”

“మీరు ఇంజనీరు కదండీ, మీరే చెప్పాలి.”

సైట్‌లో చప్పుడు లేదు. రేకుల షెడ్లు ఖాళీ. దండెం మీద ఎవరో వదిలేసిన చొక్కా ఊగుతోంది. మెట్లు మాత్రం తడిగా ఉన్నాయి.

పైన మడులన్నీ నిండుగా ఉన్నాయి. గట్లకు కొత్త మట్టి మెత్తారు, వేళ్ల గుర్తులు ఇంకా ఆరలేదు. ఒక మడిలో వేలెడు చేపపిల్లలు తిరుగుతున్నాయి. 

“ఎవరది?” అని కేకేశాను. కింద సిమెంటు బస్తాలు పెట్టే గదిలో ఎవరో దగ్గారు. దిగి వెళ్లి తలుపు నెట్టాను. లోపల గడియ వేసి ఉంది.

“దగ్గరికి రాకండి సార్. నేనండి, మరియమ్మని.”

మా దగ్గర క్యూరింగ్ చేసే కూలీ ఆమె. యాభై దాటిన మనిషి. దగ్గుతోందని తోటివాళ్లే లారీ ఎక్కనివ్వలేదట. ఊరివాళ్లు తరిమేస్తారన్న భయంతో పగలంతా గదిలో దాక్కుని, తెల్లవారకముందే చెరువు నీళ్లు బిందెతో పైకి మోసేదట, జ్వరంలోనే.

“తిండి?”

“వాళ్లు వదిలేసిన బియ్యం మొన్నటిదాకా ఉన్నాయండి. పైన చేపల్ని కూడా చూశాను. మరీ పసివి, చెయ్యి రాలేదండి.”

“పద్నాలుగు రోజులు చాలని చెప్పాను కదమ్మా!”

“మీరొచ్చి చూసి చాలనేదాకా ఆపొద్దని కూడా చెప్పారండి. మీరు రాలేదు.”

అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. సైట్‌లో ఎంతమంది ఉన్నారని అడిగారు. “ఒకరు” అన్నాను. ఆ నెలలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

మరియమ్మ కోలుకుంది. స్లాబుకు వెంట్రుకంత పగులు కూడా లేదు. ఆ తరువాత రిటైరయ్యేదాకా, ప్రతి గది తలుపూ తీసి పిలిచి చూడకుండా నేను ‘నిల్’ వేయలేదు.

ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ‘ఎవరూ లేరు’ అన్న వాక్యాలు కొట్టేయలేదు. నేను వాటిని రాసిన ప్రతిరోజూ ఆమె బిందెతో ఆ మెట్లు ఎక్కుతూనే ఉంది. అందుకే ఒక్కో వాక్యం కింద ‘మరియమ్మ’ అని పేరు రాసిపెట్టాను.