తెల్ల ఎలుకల సుక్కమ్మ

సుక్కమ్మకు కాలు ఒక్కచోట నిలిచేది కాదు. పొద్దున షెడ్డు తాళం తీసింది మొదలు సాయంత్రం వేసేదాకా పద్దెనిమిది జాలీ పెట్టెల చుట్టూ తిరుగుతూనే ఉండేది. ఏ సీసాలో నీళ్లు తగ్గాయో, ఏ ఎలుక కడుపు దిగిందో, ఏది మూలకు ముడుచుకుందో ఆమెకు గడియగడియకూ తెలియాలి. అట్లాంటి మనిషి పందొమ్మిది వందల అరవై ఒకటి ఎండాకాలంలో ఒకనాడు నాలుగో పెట్టె మూత ఎత్తి అక్కడే కూలబడింది. ముందురోజు అందులోని తెల్ల ఎలుక తొమ్మిది పిల్లలను పెట్టింది. ఒక్కొక్కటి చిక్కుడు గింజంత, ఎర్రగా, కళ్లు తెరవకుండా ఉండేవి. ఇప్పుడు ఊకలో ఒక్క తోక ముక్క మిగిలింది. తల్లి ముందుకాళ్లతో మూతి తుడుచుకుంటోంది.

ఆ నెలలో అట్లా పోయిన ఈత అది ఐదోది.

సుక్కమ్మది కోస్గి దగ్గర పల్లె. కురుమోళ్ల ఆడబిడ్డ. రెండేళ్ల కిందట మందకు రోగం తగిలి అరవై గొర్రెల్లో పదకొండు మిగిలాయి. వాటిని తోలుకొని భర్త అంజన్న తమ్ముడి మందతో కలిసి కృష్ణ ఒడ్డుకు మేపబోయాడు. సుక్కమ్మ పాలమూరు వచ్చి పనిలో చేరింది. అదొక చిన్న సర్కారు దవాఖాన. కుక్క కరిచినవాళ్లకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసే చోటు గనుక జనం దాన్ని సూదుల దవాఖాన అనేవాళ్లు. కరిచిన కుక్క చనిపోతే దాని మెదడులోంచి కొంచెం తీసి, నూరి, కళ్లు తెరవని ఎలుక పిల్లలకు ఎక్కించేవాళ్లు. పిల్లలు వారంలో చచ్చుబడితే అది పిచ్చికుక్క. అందుకే ఆ ఎలుకలు.

దవాఖాన పెద్ద డాక్టర్ మల్లప్ప. నారాయణపేట మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఎలుకలు హైదరాబాదు నుంచి తెప్పించినవనీ, పెట్టిన పిల్లలన్నీ తల్లుల కడుపుల్లోకే పోతుంటే పరీక్ష చేయడం తన వల్ల కాదనీ రెండుసార్లు చెప్పాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే సుక్కమ్మకు ఇంత కష్టమనిపించేది కాదు.

ఆమెకు తెలిసిన విద్య గొర్రెలది. ఈనిన గొర్రె పిల్లను దగ్గరికి రానీయకపోతే పిల్ల వీపుకు ఉప్పు రాస్తారు. తల్లి ఉప్పు కోసం నాకుతుంది, నాకుతూ నాకుతూ తన పిల్లేనని ఒప్పుకుంటుంది. సుక్కమ్మ ఏడో పెట్టెలో పుట్టిన పిల్లలకు వేలికొసతో ఉప్పునీళ్లు రాసింది. తల్లి నాకింది. నాకి, ఒక్కొక్కదాన్నీ మొదటినుంచి చివరిదాకా తినేసింది. సుక్కమ్మ చూస్తూనే ఉంది.

ఆకలేమోనని నానిన శనగలు, ఎండు చేప ముక్క పెట్టింది. దప్పికేమోనని సీసాలు పూటకు మూడుసార్లు నింపింది. మగ ఎలుకలను తీసి వేరే పెట్టెల్లో వేసింది. రేకుల వేడికి తట్టుకోలేక అట్లా చేస్తున్నాయేమోనని కప్పు మీద తడి గోనెలు పరిచింది. కొంత మేలైంది గానీ ఆగలేదు. ఊడ్చే గుర్వయ్య ఆ తల్లులను పాపిష్టివని తిడితే మాత్రం ఒప్పుకొనేది కాదు. నోరులేని జీవికి పాపమేమిటని ఎదురాడేది. మళ్లీ పోయి మూత ఎత్తి చూసేది. కొత్తగా పుట్టిన పిల్లలను అరచేతిలోకి తీసుకొని లెక్కపెట్టేది. గంట గడిస్తే ఏమైందోనని ఇంకోసారి.

ఆషాఢంలో అంజన్న నుంచి కబురొచ్చింది. గొర్రెల ఉన్ని కత్తిరించాలి, రమ్మని. సుక్కమ్మకు పోవాలని లేదు, పదో పెట్టెలో ఎలుక నిండు కడుపుతో ఉంది. గుర్వయ్యకు పదిసార్లు జాగ్రత్తలు చెప్పి పోయింది. నాలుగు రోజులు ఉన్ని కత్తిరిస్తూనే ఎలుకల గురించి మాట్లాడితే అంజన్న నవ్వాడు. అయిదోనాడు ఇంత ఉన్ని మూట, కదురు పట్టుకొని బస్సు దిగి తిన్నగా షెడ్డుకు వచ్చింది.

పదో పెట్టెలో ఎనిమిది పిల్లలు తల్లి పొట్ట కింద కదులుతున్నాయి. పక్క పెట్టెలో ఇంకో ఆరు.

ఏం చేసినవని గుర్వయ్యను అడిగింది.

"ఏం జేస్తనక్కా. జాలీ మీదికెల్లి గింజలేసిన, నీళ్లు వోసిన, పోయిన. మూత గూడ ఎత్తలే. నాకు ఆ వాసన వడది" అన్నాడు.

సుక్కమ్మ గడప మీద కూర్చుంది. తన రెండు చేతుల వైపు చూసుకుంది. ఇన్నాళ్లూ తల్లులను అనుమానించింది. వాటికి భయం పుట్టించింది తనే. పొద్దస్తమానం మూత లేపి లోపలికి వచ్చే చెయ్యి, ఉప్పు వాసన, మనిషి వాసన. పిల్లలకు ఆపద వచ్చిందనుకున్న తల్లి తన కడుపు కంటే భద్రమైన జాగా లేదనుకున్నది కాబోలు. ఆ మాట మల్లప్పకు చెప్పడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

ఆ తర్వాత షెడ్డు మారింది. నిండు కడుపు ఎలుకలను చప్పుడు లేని మూలకు చేర్చింది. ప్రతి పెట్టెలో పగిలిన ముంత ఒకటి బోర్లించి, గూడు కట్టుకోవడానికి గోనె పీచు, ఉన్ని వేసింది. పైన పాత గొంగడి కప్పింది. పిల్లలు పెట్టాక పది రోజులు మూత తీయకూడదని తనకు తానే ఒట్టు పెట్టుకుంది. ఆ పది రోజులు గడవడమే కష్టం. బయట రాయి మీద కూర్చుని ఉన్ని వడికేది. చెవి మాత్రం లోపలే. సన్నగా కిచకిచ వినిపిస్తే లేచేది, తలుపుదాకా పోయేది, తిరిగొచ్చి కూర్చునేది. దారం తెగేది.

శ్రావణంలో కొత్తకోట దగ్గరి పల్లె నుంచి జంగమ్మ అనే ఆమె ఆరేళ్ల కూతురు ఈదమ్మను చంకనేసుకొని వచ్చింది. పిల్ల పిక్కను కుక్క పీకింది. కుక్కను చంపి తల గోనెలో కట్టి తెచ్చారు. మూడు సూదులకే పిల్ల ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. కుక్క మంచిదేనని ఊరంతా అంటోందని, నాట్ల కాలమని, ఇంటికి పోతామని జంగమ్మ పట్టుబట్టింది. పరీక్ష తేలేదాకా వారం ఆగి సూదులు వేయించమని మల్లప్ప బతిమాలి, సుక్కమ్మ దగ్గరికి వచ్చి మూడు రోజుల పిల్లలు కావాలన్నాడు.

ఆమె లేవలేదు. "తల్లి నోట్లకెల్లి తప్పించింది సూదికిచ్చెతందుకేనా సారు?" అని అడిగింది.

మల్లప్ప తలుపు వైపు చూశాడు. "అందుకే సుక్కమ్మా. అబద్ధం చెప్పను. బయట ఆ పిల్ల ఉన్నది, ఒకసారి చూసిరా" అన్నాడు.

సుక్కమ్మ చూసి వచ్చింది. గూటిలోని మురికి ఊకతో రెండు చేతులూ బాగా రుద్దుకుంది. తల్లిని మెల్లగా వేరే పెట్టెలోకి మార్చి ఎనిమిది పిల్లలనూ ఇచ్చింది. ఎక్కించిన పిల్లలు మళ్లీ తల్లి పాల మీదే వారం బతకాలి. తల్లి తినేస్తే పరీక్షే లేదు. ఇంతకుముందు రెండుసార్లు అట్లాగే పోయింది. సూది వేసిన చోట స్పిరిటు వాసన. సుక్కమ్మ ఒక్కొక్కదాన్నీ తుడిచి, అదే ఊకలో పొర్లించి, ఉన్నిలో కుప్పగా వెచ్చబెట్టింది. వాసన పోయిందని తన ముక్కుకు తోచాకే తల్లిని వదిలి గొంగడి కప్పింది.

మల్లప్ప ఆగలేక మూత మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి సారు" అంది సుక్కమ్మ. ఆయన తీశాడు. ఇద్దరూ బయటికి వచ్చి నిలబడ్డారు. లోపల ఏదో గీరుతున్న చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఆమెను నిలవనీయలేదు. రైలు స్టేషను దాకా నడిచిపోయి తిరిగొచ్చింది.

రోజూ మధ్యాహ్నం తల్లి గింజలకు బయటికి వచ్చినప్పుడు ఒక్కసారి, గొంగడి అంచు వేలెడు లేపి చూసేది. ఎనిమిది. మర్నాడూ ఎనిమిది. ఆరోనాడు పిల్లలు వణికాయి. ఏడోనాడు పాలు తాగలేదు, వెనక కాళ్లు చచ్చుబడ్డాయి. తల్లి మాత్రం వాటిని పొట్ట కిందికి లాక్కుంటూనే ఉంది. మల్లప్ప వాటిని తీసుకుపోయి మైక్రోస్కోపు అద్దాల కింద చూసి, పిచ్చికుక్కేనని జంగమ్మకు చెప్పాడు. ఆమె ఇక ఇంటిమాట ఎత్తలేదు. పద్నాలుగు సూదులూ వేయించింది.

ఆ సాయంత్రం సుక్కమ్మ ఖాళీ గూడు కడగలేకపోయింది. తల్లి ఎలుక ముంత చుట్టూ తిరుగుతూ ఊకను తోడుతోంది. గుర్వయ్య పెట్టె అందుకోబోతే వద్దంది. రెండు రోజులు అట్లాగే ఉంచింది. ఆ తర్వాత ఏడేళ్లు అదే పని చేసింది. సూదికి పిల్లలను ఇచ్చిన ప్రతిసారీ స్టేషను దాకా నడిచేది. అలవాటు కాలేదు.

ఆ ఏడు దసరా దాటాక జంగమ్మ పల్లికాయ మూటతో వచ్చింది. ఈదమ్మ ఆమె పక్కన నడిచి వచ్చింది, పిక్క మీద మచ్చ తప్ప ఏమీ లేదు. తల్లీబిడ్డలు ఎలుకలను చూస్తామన్నారు. సుక్కమ్మ షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు గాదు. నిన్ననే పిల్లల్ని పెట్టినయ్. తొమ్మిది దినాలైనంక రాండ్రి" అంది. ఈదమ్మ ముఖం చిన్నబోయింది. సుక్కమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకొని రాయి మీద కూర్చోబెట్టి, పల్లికాయ ఒలిచి పెట్టింది.